ఒట్టి రేకును ముట్టనివ్వని పర్శరాములు

కామారెడ్డిలో రంగు డబ్బాలు అమ్ముతూ ఇరవై రెండేళ్లు గడిపాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఈ చుట్టుపక్కల బండి ఉన్నవాళ్లకు మెరుపు కావాలి, రంగు అక్కర్లేదు. పొద్దున్నే వచ్చి నా షాపు బల్ల మీద చేతులానించి, ఏది జల్ది ఆరుతుంది అని అడుగుతారు. ఏది ఎక్కువ కాలం ఉంటుంది అని అడిగినవాడు ఇంతవరకు నా మెట్టు ఎక్కలేదు. తుప్పు మీద గుంటలు పూడ్చే లప్పం పూస్తారు, లప్పం మీద ప్రైమరు, దాని మీద రంగు, ఆ పైన మెరుపుకు లక్కర్. పెళ్లికో ఊరేగింపుకో తిప్పుకుని మురిసిపోతారు. ఒక వానాకాలం గడిచేసరికి బుడగలు లేస్తాయి. డబ్బా మంచిది కాదని నన్ను తిట్టి, మళ్లీ అదే డబ్బా కొనుక్కుపోతారు. వాళ్ల తెలివితక్కువతనం మీదే నేను రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాను కాబట్టి గట్టిగా ఏమీ అనను. కానీ వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట.

నా పేరు భీమేష్. చెప్పబోయేది మాత్రం పర్శరాములు సంగతి. ఎల్లారెడ్డి రోడ్డులో రేకుల షెడ్డు వేసుకున్న పెయింటర్. ఇతన్ని చూసినా నాకు ఒళ్లు మంటే, అయితే కారణం వేరు.

సొంతూరు రాజంపేట. చిన్నప్పుడే కామారెడ్డిలో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని నేర్చుకుని, పాతికేళ్లకు షార్జా వెళ్లాడు. ఇక్కడినుంచి సగం మంది అటే పోతారు కాబట్టి అందులో గొప్పేమీ లేదు. వెళ్లినవాళ్లు బంగారం తెస్తారు, టీవీ తెస్తారు, ఇంటికి గ్రానైట్ వేయిస్తారు. ఇతను పాత కార్ల పిచ్చి ఉన్న ఓ ముసలి అరబ్బు దగ్గర పదకొండేళ్లు పనిచేసి రెండే తెచ్చుకున్నాడు. ఒకటి ఆయాసం, ఇంకొకటి పొగరు.

ఆ పొగరు ఎలాంటిదో చెబుతాను. పాత రంగంతా గీకేస్తే లోపలి ఇనప రేకు బయటపడుతుంది కదా. దాని మీద ప్రైమరు పడేదాకా ఎవరి వేలూ తగలకూడదంటాడు. వేలికి చెమట ఉంటుంది, చెమటలో ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పు రంగు కింద కూర్చుని తేమను లోపలికి పిలుచుకుంటుందని అతని వాదన. వాదన తప్పు కాదు. కానీ ట్రాక్టర్ ట్రాలీకి రంగు వేయించుకోవడానికి వచ్చిన రైతు తన ట్రాలీ మీద తాను చెయ్యి వేస్తే, "ముట్టకు!" అని రోడ్డుకు వినపడేలా అరిచేవాడిని ఏమనాలి? ఆ రైతు మళ్లీ వస్తాడా? రాలేదు. ఆటోలవాళ్లు రాలేదు. బడి బస్సులవాళ్లు మాత్రం వేరే దిక్కులేక వచ్చేవాళ్లు. పక్క షెడ్లవాళ్లు రోజుకో బండి అప్పజెబుతుంటే ఇతను ఒక్క తలుపును మూడు రోజులు రుద్దుతూ కూర్చునేవాడు. ఊరంతా మూర్ఖులే అంటాడు. నేనూ అదే అంటాను, కానీ నేను షాపు మూసేశాక అంటాను.

యాభై నాలుగో ఏట డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు. రంగు పొగ ఊపిరితిత్తులను తినేసిందనీ, ఇక స్ప్రే గన్ను పట్టుకుంటే ఎన్నాళ్లో ఉండవనీ. అతని భార్య మంగవ్వ ఆ సాయంత్రమే గన్నును బియ్యం డ్రమ్ములో దాచేసింది. పర్శరాములు ఆమెతో గొడవపడలేదు. బతిమాలాడు. పొగరుబోతు బతిమాలడం చూడాల్సి వస్తుందని నేననుకోలేదు.

"ఒక్క కారు జేసి బందు వెడత మంగా. అరబ్బోని కార్లు యాభై జేసిన, నా ఊర్ల ఒక్కటి జెయ్యలే. ఈ జిల్లాల నా చెయ్యి పడ్డ ఒక్క బండన్న లోపట తుప్పు లేకుంట ఉండాలె. ఒక్కటి."

"ఒక్కటేనా?"

"ఒక్కటే. తర్వాత గన్ను ఎవలికన్న ఇచ్చెయ్యి."

కారు దొరికిన రోజున గన్ను తీసిస్తానంది మంగవ్వ. అదీ అతని కోరిక. నవ్వొచ్చింది నాకు. ఆ ఒక్క కారు ఎవరు తెస్తారు?

తెచ్చినవాడు సీతారాం. ఎల్లారెడ్డి మనిషి, ప్లాట్ల వ్యాపారం. మీకు అతను తెలియకపోయినా అతని ఫ్లెక్సీ తెలిసే ఉంటుంది. అందులో ఎప్పుడూ ఎటో వేలు చూపిస్తుంటాడు. ఆ వేలు చూపించిన వైపు నేను చాలాసార్లు చూశాను, కరెంటు స్తంభం తప్ప ఏమీ కనపడలేదు. పచ్చని పొలం చూస్తే అతనికి పంట కనపడదు, గజాలు కనపడతాయి.

కారు పాత అంబాసిడర్. యాభై ఏళ్ల బండి. ఒకప్పుడు ఎల్లారెడ్డిలో ఓ కాంట్రాక్టర్‌ది. సీతారాం తండ్రి దానికి పందొమ్మిదేళ్లు డ్రైవరుగా చేశాడు. కాంట్రాక్టర్ పోయాక కారు చేతులు మారి మారి బిచ్కుంద దగ్గర ఎవరిదో పశువుల కొట్టంలో కోళ్లకు ఇల్లయింది. సీతారాం దాన్ని వెతికించి, కొని, డీసీఎం వ్యానెక్కించి కామారెడ్డికి తెచ్చాడు. తండ్రి మీద ప్రేమతో అనుకునేరు. తన ప్లాట్ల వెంచరు గేటు దగ్గర పెడితే జనం ఆగి సెల్ఫీలు దిగుతారట, అతనే నాతో చెప్పాడు. బండి కాగితాలు తల్లి సాలవ్వ పేరు మీద రాయించాడు. అదీ ప్రేమ కాదు. తన పేరు మీద ఏదీ ఉంచుకోకపోవడం అతని వ్యాపార పద్ధతి.

ప్రైమరు ఎంచుకోవడానికి ఇద్దరూ నా షాపుకు వచ్చారు. నేను ఉన్న రెండు రకాలు బల్ల మీద పెట్టాను.

సీతారాం రెడ్ ఆక్సైడ్ డబ్బా మీద వేలు పెట్టాడు. "గీ ఎర్రది కొట్టరాదే? మా ఇంటి గేటుకు పదేండ్ల కింద కొట్టినం, ఇంక గట్లనే ఉన్నది."

"గేటుకేందన్నా, ఎర్రగ కనవడితె సాలు" అన్నాడు పర్శరాములు. "గిది నీళ్లు తాగే ప్రైమరు. నువ్వు పైన ఎంత ఖరీదు రంగన్న ఎయ్యి, కింద అది సల్లగ తాగుకుంట కూసుంటది."

నేను రెండో డబ్బా ముందుకు జరిపాను. "గిది ఆసిడ్ ప్రైమరు. ఒట్టి ఇనుమును కరిచి పట్టుకుంటది."

"పట్టుకుంటది, కాదంటలే. కని దీని మీద లప్పం నిలువది. గీ కారు నిండ సొట్టలే, లప్పం లేకుంట కాదు. ఎపాక్సీ తియ్యి భీమేషూ."

ఎపాక్సీ రెండు డబ్బాల సరుకు. ఒకదానిలో మందు, ఒకదానిలో దాన్ని గట్టిపరిచే ద్రావకం. కొలతగా కలిపి, అరగంట పక్కన పెట్టి, అప్పుడు కొట్టాలి. రేకుకు చర్మంలా అంటుకుని నీటిని లోపలికి రానివ్వదు. లప్పం దాని మీదే పెట్టాలి, ఒట్టి రేకు మీద పెట్టకూడదు. ఇదంతా పర్శరాములు ఓపిగ్గా చెప్పుకుంటూ పోయాడు. సీతారాం ఈలోగా రెండు ఫోన్లు మాట్లాడాడు.

"అయితే ఇది కొట్టుకో" అన్నాడు చివరికి.

"నా కాడ లేదు, హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె" అన్నాను.

ఆ మాటకు అతని మొహం వెలిగిపోయింది. అతనికి ఆ మొత్తం చర్చలో అర్థమైనది హైదరాబాద్ ఒక్కటే.

పాత రంగు తీయడానికి నెలన్నర పట్టింది. తెలుపు కింద లేత నీలం, నీలం కింద ఏ ఎన్నికలప్పుడో పూసిన ఆకుపచ్చ, దాని కింద అంగుళం మందాన లప్పం. వెనక మడ్‌గార్డ్‌లో లప్పం గీకితే రేకే లేదు. పడ్డ బొక్కలో ఎవరో మహానుభావుడు సిమెంటు సంచి ముక్క కుక్కి, దాని మీద లప్పం పూసి, రంగేసి, మెరిపించి పంపాడు. పర్శరాములు ఆ సంచి ముక్కను కడిగి షెడ్డులో మేకుకు తగిలించాడు. వచ్చినవాళ్లందరికీ, "మన తెలివి సూడుండ్రి" అని చూపించేవాడు. చూసినవాళ్లు సిగ్గుపడలేదు. ఏ కంపెనీ సంచి అని అడిగారు.

వెల్డింగు ప్రేమ్‌కుమార్ వచ్చి బొక్కలన్నిటికీ కొత్త రేకు అతికాడు. ఆ తర్వాత పర్శరాములు ఒక్కడే రుద్దాడు. ముందు గరుకు కాగితం, తర్వాత దానికన్నా నున్నది, తర్వాత ఇంకా నున్నది. తుప్పు తిన్న గుంటల్లో ఆసిడ్ పట్టించి, కడిగి, వేడిగాలితో ఆరబెట్టాడు. మధ్య మధ్యలో బయటికొచ్చి అరుగు మీద కూర్చుని ఆయాసం మందు పీల్చుకునేవాడు. శ్రావణం వచ్చేసరికి కారు చక్రాల్లేకుండా స్టాండ్ల మీద, అప్పుడే తోమిన గిన్నెలా ఉంది. నేను ఎన్నో కార్లు చూశాను, అంత శుభ్రమైన ఇనుము చూడలేదు. ఆ మాట అతనితో అనలేదు. అంటే ఇంకో నెల నెత్తి మీద కూర్చుంటాడు.

అప్పుడు సీతారాం ఫోను చేశాడు. మొదటి గన్ను ముహూర్తానికి కొట్టాలట. శ్రావణ శుక్రవారం, పది గంటల పన్నెండు నిమిషాలకు. ముందు పూజ ఉంటుంది.

పూజకు పర్శరాములు కాదనలేదు. కొత్త గన్ను కొన్నా కొబ్బరికాయ కొట్టేవాడే అతను. కానీ కారు చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు. విప్పిన నాలుగు టైర్లను గీత బయట వరుసగా నిలబెట్టాడు. "పసుపు, కుంకుమ, కాయ, హారతి అన్నీ గీ టైర్లకు జేసుకోండ్రి. గీత దాటి లోపలికి రావద్దు, రేకు ముట్టద్దు" అని సీతారాంతో ముందు రోజే ఒప్పించుకున్నాడు. సీతారాం దేనికైనా ఒప్పుకుంటాడు. ఒప్పుకోవడమే అతని వృత్తి.

శుక్రవారం నాలుగు బండ్లలో దిగారు. పూజ చేసే అయ్యగారు, ఫోటోగ్రాఫరు, డ్రోను తిప్పేవాడు, ముప్పై నలభై మంది బంధువులు. ఒట్టి ఇనుము ఎండకు మెరుస్తుంటే వాళ్ల కళ్లు చెదిరిపోయాయి. "వెండి కారు లెక్కున్నది" అన్నారెవరో. అంతే, గీత ఎక్కడుందో కూడా ఎవరూ చూడలేదు. ముందు సీతారామే లోపలికి వెళ్లి బానెట్ మీద అరచెయ్యి ఆనించి ఫోటో దిగాడు. తర్వాత బామ్మర్దులు దిగారు. అతని భార్య సుధారాణి తలుపులకు, డిక్కీకి బొట్లు పెట్టింది. అయ్యగారు హారతి పళ్లెం టాపు మీద పెట్టి, కొబ్బరినీళ్లు బానెట్ మీద చల్లారు. టైర్లకు ఒక్క అగరబత్తీ కూడా దక్కలేదు.

"ముట్టకుండ్రి! అయ్యో, ముట్టకుండ్రి!" అని పర్శరాములు మూడుసార్లు అరిచాడు. నాలుగోసారి దగ్గు తెర అడ్డొచ్చింది. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. చదువుకున్నవాళ్లు, టీచర్లు, బ్యాంకులో పనిచేసేవాళ్లు కూడా ఉన్నారు వాళ్లలో. అందరూ తడిమారు. ఆ క్షణంలో నాకు మనుషుల మీద కలిగిన అసహ్యం ఇంతా అంతా కాదు.

అందరూ అయ్యాక సాలవ్వ వచ్చింది. సీతారాం తల్లి. డెబ్బై ఎనిమిదేళ్లు, నడుము వంగిపోయింది, ఎవరూ ఆమెను ముందుకు పిలవలేదు. తడి పసుపులో కుడిచెయ్యి మొత్తం ముంచి, డ్రైవర్ తలుపు మీద గట్టిగా అద్దింది.

"గీ తలుపు ఎన్క పందొమ్మిదేండ్లు కూసున్నడు మా ఆయన" అంది, ఎవరితోనో కాదు, తలుపుతోనే. "ఇంటికాడ కన్న గీడనే ఎక్వ కూసున్నడు."

పర్శరాములు ఆమెను చూశాడు. నోరు తెరిచాడు, ఆమె మీద మాత్రం అరవలేదు. ఆయాసంతో మాట రాలేదేమో అనుకున్నాను.

పది గంటల పన్నెండు నిమిషాలయింది. సీతారాం గన్ను తెచ్చి అతని చేతిలో పెట్టాడు. "కొట్టు అన్నా, ముహూర్తం పోతది!"

పర్శరాములు లేచి, ప్రైమరు పోయని ఒట్టి గన్నుతో బానెట్ మీద బుస్సుమని గాలి కొట్టాడు. ఏమీ పడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. "రంగు కనవడ్తలేదేందన్నా?" అని సీతారాం అడిగాడు. "మొదటి కోటు గిట్లనే ఉంటది" అన్నాడు పర్శరాములు. సీతారాం తల ఊపి బంధువులకు అదే వివరించి చెప్పాడు. పులిహోర పొట్లాలు పంచుకుని, ఆకులు అక్కడే పడేసి వెళ్లిపోయారు.

వాళ్ల బండ్లు మలుపు తిరగకముందే పర్శరాములు గరుకు కాగితం అందుకున్నాడు. పసుపు, కుంకుమ, నూనె, ఉప్పు, అంతా మళ్లీ తోమాలి. తోమినంత మాత్రాన ఆపకూడదు, సాయంత్రంలోగా ప్రైమరు పడాలి. ఎల్లారెడ్డి వైపు మబ్బు పట్టింది.

"రేపు జెయ్యరాదు అన్నా. నీకు దమ్ము ఆడుతలేదు" అన్నాను.

"మొగులు సూడు. ఇన్నొద్దులు పొడిగుండె. ఈ తేమకు రాత్రి రేకు ఒట్టిగుంటె తెల్లారేసరికి ఎర్రగయితది. నెలన్నర పని మట్టిల గలుస్తది. నువ్వు షాపుకు పో, మాట్లాడియ్యకు."

టాపు అయ్యేదాకా, బానెట్ అయ్యేదాకా ఉన్నాను. షాపులో గిరాకీ ఉందని ఫోనొస్తే వెళ్లిపోయాను. అయిదింటికి మళ్లీ వచ్చి చూస్తే కారు ముందు నుంచి వెనక దాకా ఒకే బూడిద రంగు. ఒక చుక్క జారలేదు, ఒక చోట పలచన లేదు. పర్శరాములు బయట మట్టిలో కూర్చుని ఉన్నాడు. ఊపిరి పీలిస్తే ఈల వినపడుతోంది.

"అంత అయ్యిందా?" అన్నాను.

"అయ్యింది" అన్నాడు. నా మొహం చూడలేదు.

తర్వాత లప్పం, దాని మీద మళ్లీ ప్రైమరు, దాని మీద మీగడ రంగు. దసరాకు కారు వెంచరు గేటు దగ్గర షామియానా కిందికి చేరింది. మంగవ్వ గన్నును ప్రేమ్‌కుమార్‌కు ఇచ్చేసింది. పర్శరాములు షెడ్డు మూసి పని మానేశాడు, మాటలు మాత్రం మానలేదు. కామారెడ్డి బస్టాండులో ఏ కారు కనపడినా దాని రంగును తిట్టి, "ఎల్లారెడ్డికి పోయి సూడుండ్రి కారంటె ఎట్లుంటదో" అనేవాడు. నెలకోసారి తనే బస్సెక్కి వెళ్లి చూసుకొచ్చేవాడు. ఆరోగ్యం చూపించుకోవడానికి కూడా అంత క్రమంగా వెళ్లలేదు.

జూన్‌లో వానలు పడ్డాయి. రెండో వారంలో నాకు సీతారాం ఫోను.

"భీమేషన్నా, జల్ది రా. కారు మీద అమ్మోరు వెలిసింది!"

వెళ్లి చూశాను. డ్రైవర్ తలుపు మీద, మీగడ రంగు కింద నుంచి అయిదు వేళ్లు, ఒక అరచెయ్యి ఉబ్బి పైకి లేచాయి. చిన్న చిన్న పొక్కులు, వేలి వెంట వేలు. అక్కడక్కడ పొక్కు పగిలి ఎర్రటి చెమ్మ కారుతోంది. దాన్ని జనం రక్తమంటున్నారు. వేపాకులు, నిమ్మకాయల దండలు, గాజులు. నిజాంసాగర్ నుంచి ఆటోలు కట్టుకుని వస్తున్నారు. వచ్చినవాళ్లకు సీతారాం మనుషులు ప్రసాదంతో పాటు ప్లాటు మ్యాపు చేతిలో పెడుతున్నారు.

నాకు ఒక్క చూపులో తెలిసిపోయింది అది ఏమిటో. రంగు కింద ఉప్పు. తోమకుండా వదిలేసిన చోటు. ఇరవై రెండేళ్లుగా ఇవే పొక్కులు చూస్తున్నవాడిని. మరి చెప్పానా? చెప్పలేదు. ఎర్కలేని జనాన్ని లోపల్లోపల తిట్టుకుంటూనే, అమ్మవారు వెలిసిన కారుకు రంగు ఇచ్చిన షాపు అని ఫ్లెక్సీ కట్టిస్తే ఎట్లుంటుందని ఆలోచించాను. అంతే కాదు, ఫ్లెక్సీ కొట్టేవాడికి ఫోను కూడా చేశాను. ఇన్నాళ్లుగా నేను అసహ్యించుకుంటున్న మనుషులకన్నా నేను ఒక మెట్టు కింద ఉన్నానని రాయడానికి సిగ్గుగానే ఉంది.

అక్కడే ఒక మూల కుర్చీలో సాలవ్వ ఉంది. వచ్చినవాళ్లకల్లా చెబుతోంది, "అది నా చెయ్యి బిడ్డా. చిటికెన ఏలు వంకర సూడుండ్రి, నాది గట్లనే ఉంటది." ఒక్కరూ వినలేదు. సుధారాణి వచ్చి, "అత్తమ్మా, మీరు ఊకోండ్రి" అని మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టి పోయింది.

మర్నాడు పర్శరాములును నా బండి మీద ఎక్కించుకుని తెచ్చాను. దారిలో సంగతి చెప్పాను. షామియానాలోకి వచ్చి, జనం మధ్య నుంచి ఆ తలుపు చూశాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ ఒక్క కారు కోసం మిగిలిన ఊపిరి ఖర్చుపెట్టాడని నాకు తెలుసు. నేను అతని చెవిలో అన్నాను.

"సప్పుడు జెయ్యకు అన్నా. ఎవలికి తెల్వది. తుప్పు అని ఎవడంటలేడు, దేవుడంటున్నరు. నీ పేరు నిలవడ్డది."

అంతలో సీతారాం బంతిపూల దండ తెచ్చి అతని మెడలో వేశాడు. "ఇగో, గీ అన్న చెయ్యి నుంచే అమ్మోరు వచ్చింది!" అని మైకులో చెప్పాడు. కొందరు ఆడవాళ్లు అతని కాళ్లకు మొక్కడానికి వంగారు.

పర్శరాములు దండ తీసి కుర్చీ మీద పెట్టాడు. మైకు అందుకోలేదు, మామూలుగానే మాట్లాడాడు.

"అమ్మోరు లేదు, ఏం లేదు. గది తుప్పు. పూజనాడు సాలవ్వ అద్దిన చెయ్యి. కారంత మళ్ల తోమిన, గీ తలుపు కాడికి వచ్చేసరికి దమ్ము అందలే, మొగులయ్యింది. థిన్నర్ బట్టతోని తుడిసి మీద కొట్టేసిన. పసుపు పోయింది, ఉప్పు పోలే. తుడిస్తె ఉప్పు పోదని నాకు ఎర్కనే. ఎర్కుండి జేసిన. తప్పు నాది."

పర్శరాములు తన తప్పని అనడం నేను వినడం అదే మొదటిసారి.

"పొద్దుగాల్నే తాగినవా అన్నా?" అన్నాడు సీతారాం, నవ్వుతున్నట్టు మొహం పెట్టి.

పర్శరాములు సాలవ్వ దగ్గరకు వెళ్లాడు. "అవ్వా, ఒక్కపారి రా." ఆమెను నడిపించుకొచ్చి, ఆమె కుడిచెయ్యి పట్టుకుని, ఆ పొక్కుల మీద ఆనించాడు. వేలికి వేలు కుదిరింది. వంకర చిటికెన వేలితో సహా కుదిరింది. ఇక ఎవరైనా నోరు మూసుకోవాలి కదా?

"అంటే అవ్వకే అమ్మోరు పూనింది!" అని వెనక నుంచి ఒకడు అరిచాడు. పది మంది సాలవ్వ కాళ్ల మీద పడ్డారు. ఇలాంటి జనాన్ని ఏం చేయాలో నాకైతే తెలియదు.

"ఉంచుకుంటె ఉంచుకోండ్రి" అన్నాడు పర్శరాములు. "రెండేండ్లకు చెయ్యి లెక్కనే తలుపుకు బొక్క పడతది. అప్పుడు గా బొక్కలకెళ్లి అటు దిక్కు కూడ కనవడతది. ఇయ్యాల గీకనిస్తె తలుపు దక్కుతది."

"గీకుడా? ఎవడు గీకేది? నా కారు మీద చెయ్యేసి సూడు" అన్నాడు సీతారాం. నవ్వు పోయింది.

సాలవ్వ తన కాళ్లు పట్టుకున్నవాళ్లను విదిలించుకుంది. "కారు ఎవలి పేరు మీదున్నదిరా?"

సీతారాం జేబులో ఫోను తడుముకున్నాడు.

"నా పేరు మీదనే గదా? నిన్నటిసంది అది నా చెయ్యి, నా చెయ్యి అని మొత్తుకుంటున్న. ఒక్కడు ఇనలే. మనిషిని ఈడ పానంతోని కూసున్న, మీరు తుప్పుకు దండం వెడుతున్నరు." ఆమె పర్శరాములు వైపు తిరిగింది. "గీకు బిడ్డా."

సీతారాం చుట్టూ చూశాడు. తల్లి పేరు మీద ఏమేమి ఉన్నాయో, అవన్నీ ఆమె నోటికి వస్తే ఏమవుతుందో లెక్క వేసుకున్నట్టున్నాడు. ఫోను మోగకపోయినా చెవికి పెట్టుకుని బయటికి పోయాడు.

పర్శరాములు జేబులో నుంచి గరుకు కాగితం తీసి చెక్కముక్కకు చుట్టాడు. ఇంటి దగ్గరే జేబులో పెట్టుకుని బయల్దేరాడన్నమాట. కారు మీద చెయ్యి లేచిందన్న మాట నాకన్నా ముందే ఎవరి నోటనో విని, అది ఏమిటో తెలిసే వచ్చాడు. రుద్దడం మొదలుపెట్టాడు. మీగడ రంగు పోయింది, బూడిద రంగు పోయింది, లోపలి ఇనుము కనపడింది. అందులో నల్లటి గుంటలు, అయిదు వేళ్లు. రక్తం లేదు, మహిమ లేదు. చూసినవాళ్లు ఒకరొకరే చెప్పులు వెతుక్కున్నారు. అరగంటలో షామియానా ఖాళీ అయింది. నిమ్మకాయలు కూడా ఎవరివి వాళ్లు పట్టుకుపోయారు.

అయిదు నిమిషాలు రుద్ది ఆగుతున్నాడు, మందు పీల్చుకుంటున్నాడు, మళ్లీ రుద్దుతున్నాడు. మూడోసారి ఆగినప్పుడు చెక్క అతని చేతిలో నుంచి జారి కింద పడింది. దాన్ని నేను తీశాను. ఇన్నేళ్లుగా ప్రతి పెయింటరు పనికీ వంకలు పెట్టినవాడిని, జీవితంలో ఒక్క రేకు రుద్దలేదు.

"గట్ల గాదు, గుండ్రంగ తిప్పకు. పొడుగ్గ పో" అన్నాడు వెంచరు గేటు గోడకు ఆనుకుని. "అంత వొత్తకు. రేకు అరుగుతది."

సాలవ్వ తన కుర్చీని దగ్గరికి జరుపుకుని కూర్చుంది. రెండు చేతులూ కొంగులో చుట్టి ఒడిలో పెట్టుకుంది. నా చొక్కా చెమటకు తడిసిపోయింది. గుంటల్లో నలుపు మెల్లగా తగ్గింది. చాలాసేపటికి తలుపంతా తెల్లగా బయటపడింది, నేను సంతోషం పట్టలేక తల ఎత్తి అతని వైపు చూశాను.

"ఏలు తగిలింది నీది" అన్నాడు పర్శరాములు. "మళ్ల మొదటికెళ్లి రుద్దు."

నేను కొత్త కాగితం చుట్టి మళ్లీ మొదటి నుంచి రుద్దాను.